బొమ్మకు కట్టిన కవిత

మన సినిమాల్లో బాణీ ముందు పుడుతుంది, పాట దానిలో ఒదుగుతుంది, షూటింగ్ ఆఖరున. 1936లో లండన్‌లో తపాలా శాఖ తీసిన ఒక డాక్యుమెంటరీ ఈ వరసను తిరగేసింది.

సినిమాకు కవిత్వం మీద మోజు అంతకుముందే ఉంది. 1921లో పాల్ స్ట్రాండ్, చార్లెస్ షీలర్ న్యూయార్క్ మీద తీసిన ‘మన్‌హట్టా’లో వాల్ట్ విట్మన్ పంక్తులు టైటిల్ కార్డులుగా వస్తాయి. మూకీ కాబట్టి ముందు చదవాలి, తర్వాత చూడాలి; రెండూ ఒక్క క్షణంలో కలవవు. 1928లో మాన్ రే రాబర్ట్ దెస్నోస్ కవితను తెరకెక్కించినప్పుడు చాలా షాట్లను మసక గాజులోంచి తీశాడు. అందం ఉంది, గొంతు లేదు.

గొంతు వచ్చాక తపాలా శాఖ ఫిల్మ్ యూనిట్‌లో జాన్ గ్రియర్సన్ పెద్ద కొలువే కూర్చాడు. కవి ఆడెన్, ఇరవై దాటీ దాటని సంగీతకారుడు బెంజమిన్ బ్రిటన్, శబ్దాలతో ఆడుకునే కావల్కాంటి. 1935లో బొగ్గుగనుల మీద ‘కోల్ ఫేస్’ తీశారు. అందులో ఆడెన్ కవితను స్త్రీల బృందం పాడింది. ప్రయోగం గొప్పదే గాని పాటలో మాట సరిగా చెవిన పడదు.

మరుసటి ఏడు వచ్చిన ‘నైట్ మెయిల్’ లండన్ నుంచి స్కాట్లండ్ వెళ్లే తపాలా రైలు కథ. హ్యారీ వాట్, బేసిల్ రైట్ దర్శకులు. ఉత్తరాలు వేరుచేసే పెట్టె లోపలి దృశ్యాలు స్టూడియో సెట్‌లో తీసినవి. రైలు కదులుతోందని నమ్మించడానికి తపాలా ఉద్యోగులు నిలబడ్డచోటే ఊగారు. అంతా అయ్యాక యూనిట్‌లో ఒక వెలితి తోచింది: సంచులు కనిపిస్తున్నాయి, ఆ ఉత్తరాల కోసం ఎదురుచూసే మనుషులేరీ? ఆ వెలితిని పూడ్చడానికే ఆడెన్ కవిత. ఎడిటింగ్ నిడివికి సరిపడేలా, చక్రాల లయలో రాశాడు. చెవియట్ కొండల మీద అతని ఉపమానం ఒకటి తీసేయాల్సి వచ్చింది, దానికి దీటైన షాట్ తమ దగ్గర లేదని. కవిత బాగుందని కత్తిరించడం ఎక్కడైనా విన్నామా! బ్రిటన్ చిన్న వాద్యబృందంలోకి ఉప్పుకాగితం గీకుడు కూడా చేర్చి ఇంజన్ రొద పుట్టించాడు. స్టూవర్ట్ లెగ్ ఊపిరాడనంత వేగంగా చదివాడు. ఇరవై నాలుగు నిమిషాల చిత్రంలో కవిత ఉన్నది చివరి మూడు నిమిషాలే, అందరికీ గుర్తున్నదీ అదే.

అమెరికాలో పేర్ లోరెంజ్ ప్రభుత్వ సొమ్ముతో మిసిసిపీ మీద తీసిన ‘ది రివర్’ 1938లో విడుదలైంది. మన సంకల్పంలో నదులను తలుచుకున్నట్టు ఉపనదుల పేర్లు వరసగా వినిపిస్తాయి. వర్జిల్ థామ్సన్ చర్చి కీర్తనల బాణీలను, జానపదాలను ఆ ప్రవాహంలో కలిపాడు.

గ్రియర్సన్ బాట మన దేశానికీ వచ్చింది. 1948లో మొదలైన ఫిల్మ్స్ డివిజన్ రీళ్లు మన హాళ్లలో అసలు సినిమాకు ముందు తెలుగు వ్యాఖ్యానంతో ఆడేవి. చాలావాటిలో వ్యాఖ్యానం దక్కింది గాని కవిత రాలేదు.

ఇంగ్లండ్‌లో మాత్రం టోనీ హారిసన్ ఎడిటింగ్ బల్ల దగ్గరే కూర్చుని టెలివిజన్‌కు కవితా చిత్రాలు రాశాడు. 1998లో ‘ప్రొమిథ్యూస్’కు తనే దర్శకుడయ్యాడు, రిచర్డ్ బ్లాక్‌ఫర్డ్ సంగీతంతో. యార్క్‌షైర్ గని కార్మికులను కరిగించి పోసిన విగ్రహం అందులో లారీ ఎక్కి యూరప్ దాటి గ్రీస్ చేరుతుంది. అలాంటి షాట్‌ను ఊహించే హక్కు ఆడెన్‌కు లేదు. బొమ్మ అప్పటికే తీసేసి ఉంది.