పాలమూరు మేస్త్రి, పాసుబుక్కు

దేవసూగూరు దగ్గర కృష్ణ దాటితే పాలమూరు సీమ. 1956 దాకా రెండు గట్లూ హైదరాబాదు రాష్ట్రమే. ఆ తరువాత ఏరే సరిహద్దయింది.

పని ఇప్పించే ఏజెన్సీ అనే మాట తెలియని పల్లెల్లో ఆ పని గుంపు మేస్త్రిదే. కరువు ఏడాది ఇంటికొచ్చి బయానా చేతిలో పెట్టేవాడు. మనుషులను దూరపు ఆనకట్టలకు, కాలువ పనులకు తీసుకుపోయేవాడు. బయానా తీరేదాకా తిరిగి రావడం కుదరదు. లెక్క చిట్టా మాత్రం ఆయన సంచిలోనే!

1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలన్నది. కూలీకి ఫొటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాలన్నది. కూలి రేటు, కోతలు, తిరుగు ఛార్జీ అందులో హిందీ, ఇంగ్లీషులతో పాటు కూలీ భాషలోనూ రాయాలన్నది. అంటే మనవాళ్లకు తెలుగులో. మా బడి పిల్లల తండ్రులను అడిగి చూశాను. మేస్త్రి చిట్టా ఎరుగుదురు గానీ, ఆ పుస్తకం చూశామన్నవారు ఒక్కరూ లేరు.