వంద డాలర్ల అభిప్రాయం: అమెరికా ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కుల కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఒక పగిలిన అద్దంతో మొదలుపెడదాం.

2019 నవంబర్ 21. లాస్ ఏంజెలెస్ పక్కన హాథోర్న్ అనే ఊరు. స్టేజీ మీద టెస్లా సైబర్‌ట్రక్. ముందు పెద్ద సుత్తితో డోర్ మీద కొట్టారు, సొట్ట పడలేదు. తర్వాత టెస్లా డిజైన్ హెడ్ ఫ్రాంజ్ వాన్ హోల్జ్‌హౌజన్ ఒక స్టీలు గుండు తీసుకుని కిటికీ మీదికి విసిరారు. గట్టి అద్దం అని చెప్పింది కాస్తా బీటలు వారింది. రెండో కిటికీ మీద విసిరారు. అదీ అంతే. ఎలాన్ మస్క్ మిగతా ప్రసంగమంతా ఆ రెండు పగిలిన అద్దాల ముందే నిలబడి పూర్తి చేశారు.

మామూలుగా అయితే కంపెనీ పరువు అక్కడే పోవాలి కదా? పోలేదు. కొద్ది రోజుల్లోనే బుకింగులు 2 లక్షలు దాటాయని మస్క్ ట్వీట్ చేశారు. నవ్వేవాళ్లు నవ్వారు, మీమ్స్ చేసేవాళ్లు చేశారు, బుక్ చేసేవాళ్లు చేశారు. బుకింగ్‌కి ఎంత కట్టాలో తెలుసా? 100 డాలర్లు. మన డబ్బుల్లో అప్పట్లో 7 వేల చిల్లర. వద్దనుకుంటే వెనక్కిచ్చేస్తారు.

ఈ 100 డాలర్లని గుర్తుపెట్టుకోండి. ఒక కొత్త బండి గురించి జనం ఏమనుకుంటున్నారో అసలు ఎలా తెలుస్తుంది? లైకుల వల్లా? బుకింగుల వల్లా? కొన్నవాళ్ల లెక్క వల్లా? ఈ మూడూ ఒకటి కాదని అమెరికా కంపెనీలకి తెలిసిరావడానికి వేల కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

ముందు ఒక చిన్న విషయం. మన దగ్గర పికప్ అంటే ఏంటి? బొలేరో పికప్, టాటా ఏస్. మదనపల్లె టమాటా బుట్టలు, కోళ్ల ట్రేలు, పెళ్లి సామాను. అది లోడు బండి. అమెరికాలో అలా కాదు. అక్కడ పికప్ అంటే ఇంటి బండి కూడా. పిల్లల్ని స్కూల్లో దింపేదీ అదే, పడవని వెనక తగిలించుకుని చెరువుకి లాక్కెళ్లేదీ అదే. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి ఆ దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే పికప్. తాత ఫోర్డ్ నడిపితే మనవడూ ఫోర్డే. మన దగ్గర హీరో ఫ్యాన్స్ ఉన్నట్టు అక్కడ ట్రక్ ఫ్యాన్స్ ఉంటారన్నమాట.

ఇందులో ఒక కోడి కథ కూడా ఉంది. 1960ల్లో యూరప్ దేశాలు అమెరికా కోడిమాంసం మీద పన్ను పెంచాయి. కోపం వచ్చిన అమెరికా, బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. 1964లో మొదలైన ఆ 'కోడి పన్ను' దశాబ్దాలు గడిచినా పోలేదు. దాంతో పికప్ మార్కెట్ అమెరికా కంపెనీలకి కోటలా మారింది. లాభాలన్నీ అక్కడే. ఆ కోటలోకి కరెంటు బండి వస్తుందంటే గొడవ కాకుండా ఎలా ఉంటుంది?

నిజానికి ఎలక్ట్రిక్ పికప్ సైబర్‌ట్రక్‌తో పుట్టలేదు. 1990లో కాలిఫోర్నియా ప్రభుత్వం పొగ రాని బండ్లు కొన్నయినా అమ్మాల్సిందేనని రూల్ పెట్టింది. దాంతో ఫోర్డ్ రేంజర్ ఈవీ, షెవ్రొలే ఎస్-10 ఈవీ వచ్చాయి. ఎక్కువగా లీజుకే ఇచ్చారు. 2003లో ఆ రూల్ సడలించారు. అంతే, కంపెనీలు బండ్లు వెనక్కి లాక్కుని తుక్కు చేయడం మొదలుపెట్టాయి. అప్పుడు రేంజర్ ఈవీ నడిపేవాళ్లు శాక్రమెంటోలో నిరసనకి దిగారు: మా బండి మాకు అమ్మండి, నలిపేయకండి అని. 2005లో ఫోర్డ్ దిగొచ్చింది. అలా కొన్ని బండ్లు బతికాయి. చూశారా, అక్కడ జనాభిప్రాయం అంటే లైకు కాదు. రోడ్డు మీద కూర్చోవడం.

ఇప్పుడు ఒహాయో వెళ్దాం. ఈ కథలో నాకు బాగా బాధనిపించే ఊరు ఇదే. లార్డ్స్‌టౌన్. అక్కడ 1966 నుంచి జనరల్ మోటార్స్ ప్లాంట్ నడిచింది. వేల కుటుంబాలు దాని మీదే బతికాయి. 2019 మార్చిలో మూసేశారు. ఆ ఖాళీ ప్లాంట్‌ని లార్డ్స్‌టౌన్ మోటార్స్ అనే కొత్త కంపెనీ తీసుకుని, ఎండ్యూరెన్స్ అనే ఎలక్ట్రిక్ పికప్ తయారుచేస్తామంది. 2020 జూన్‌లో బండిని చూపించిన రోజు అమెరికా ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ స్వయంగా వచ్చారు. ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటుందని ఊరికి ఆశ పుట్టింది. 2021 మొదట్లో లక్ష ప్రీ-ఆర్డర్లు వచ్చాయని కంపెనీ ప్రకటించింది.

అప్పుడు హిండెన్‌బర్గ్ రిపోర్ట్ వచ్చింది. అవును, 2023లో అదానీ గ్రూప్ మీద రిపోర్ట్‌తో మన టీవీల్లో మోగిపోయిన హిండెన్‌బర్గే. 2021 మార్చిలో వాళ్లు చెప్పింది ఏంటంటే, ఆ ఆర్డర్లలో చాలావరకు ఉత్తుత్తివేనని. జూన్‌లో కంపెనీ వేసిన సొంత కమిటీయే, ప్రీ-ఆర్డర్ల గురించి చెప్పినవాటిలో కొన్ని సరిగా లేవని ఒప్పుకుంది. సీఈవో స్టీవ్ బర్న్స్ రాజీనామా చేశారు. ప్లాంట్‌ని ఫాక్స్‌కాన్ కొనేసింది. 2023 జూన్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తయారైన ట్రక్కులు పదుల్లోనే.

ఇక్కడ మోసపోయింది ఎవరు? షేర్లు కొన్నవాళ్లు, సరే. వాళ్లకన్నా ముందు, గేటు మళ్లీ తెరుస్తారని ఎదురుచూసిన ఆ ఊరి కార్మికులు. కాగితం మీద రాసిన లక్ష అభిప్రాయాలు వాళ్లకి లక్ష ఉద్యోగాల్లా కనిపించాయి.

కొత్త కంపెనీ కాబట్టి అలా అయింది, పాత కంపెనీ అయితే నమ్మొచ్చు అంటారా? ఫోర్డ్ సంగతి చూద్దాం. 2021 మేలో ఎఫ్-150 లైట్నింగ్ వచ్చింది. దాన్ని చూపించడానికి ముందురోజు అధ్యక్షుడు బైడెన్ మిషిగన్‌లో స్వయంగా నడిపారు. మొదటి ధర 39,974 డాలర్లు. పైగా కరెంటు పోతే ఇంటికి ఈ ట్రక్కే కరెంటిస్తుంది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుపానులో లక్షల ఇళ్లు చీకట్లో చలికి వణికాయి. ఆ దెబ్బ తిన్నవాళ్లకి ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. ఏడాది చివరికి బుకింగులు 2 లక్షలకి చేరాయి. బుకింగ్ ఎంత? ఇక్కడా 100 డాలర్లే.

తర్వాత ఏమైంది? ముడిసరుకు ధరలు పెరిగాయి. ఫోర్డ్ రేటు పెంచింది, మళ్లీ పెంచింది, మళ్లీ మళ్లీ పెంచింది. 2023 మార్చికి అదే బండి 59,974 డాలర్లు. రెండేళ్లలో సరిగ్గా 20 వేలు ఎక్కువ! జనం వెనక్కి తగ్గాక జులైలో 10 వేల దాకా తగ్గించారు. కానీ అప్పటికే నోట్లో చేదు మిగిలిపోయింది.

రెండో దెబ్బ లోడు దగ్గర తగిలింది. బరువైన ట్రెయిలర్ తగిలించి టెస్ట్ చేసిన వాళ్లందరికీ దాదాపు ఒకటే ఫలితం: బ్యాటరీ రేంజ్ ఇంచుమించు సగానికి పడిపోయింది. పెద్ద డబ్బాలాంటి ట్రెయిలర్‌ని హైవే మీద లాగాలంటే గాలిని తోసుకుంటూ వెళ్లాలి కదా. పెట్రోల్ బండికీ మైలేజ్ పడిపోతుంది, కాకపోతే ఐదు నిమిషాల్లో ట్యాంక్ నిండిపోతుంది. ఇక్కడేమో చాలా చార్జింగ్ స్టేషన్లలో ట్రెయిలర్ విప్పి పక్కన పెడితే గానీ బండి లోపల పట్టదు. పడవ లాగేవాడికి, పశువుల ట్రెయిలర్ లాగే రైతుకి ఇది చిన్న సంగతి కాదు. అదే సమయంలో, ట్రెయిలర్ అవసరం లేని ఓనర్లు మాత్రం సైలెంట్‌గా ఉంది, పికప్ అదిరింది, రోజూ ఇంట్లోనే చార్జింగ్ అయిపోతోంది అని మెచ్చుకున్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. వాళ్ల పనులు వేరు, అంతే.

2024లో అమెరికాలో లైట్నింగ్ 33 వేల చిల్లర అమ్ముడైంది. ఎఫ్-సిరీస్ మొత్తం 7 లక్షలకు పైనే. 2025 డిసెంబర్‌లో ఫోర్డ్, పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్‌ని ఆపేస్తున్నామని, దాని తర్వాతి బండిలో బ్యాటరీ నింపడానికి పెట్రోల్ ఇంజన్ కూడా ఉంటుందని ప్రకటించింది.

ఇక రివియన్. ఆర్జే స్కారింజ్ 2009లో పెట్టిన కంపెనీ. 2021 సెప్టెంబర్‌లో ఆర్1టీ పికప్‌తో టెస్లా, ఫోర్డ్ రెండింటికన్నా ముందే కస్టమర్ల బండి తయారుచేసింది. కానీ 2022 మార్చి 1న ఒక తప్పు చేసింది. పికప్ ధర సుమారు 17 శాతం పెంచేసి, ఏళ్లుగా లైన్లో ఉన్నవాళ్లకి కూడా అదే రేటు అంది. జనం మండిపడ్డారు, బుకింగులు క్యాన్సిల్ చేశారు. రెండు రోజులే! మార్చి 3న స్కారింజ్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, పాత బుకింగులకి పాత రేటే అన్నారు. ఈ కథలో కస్టమర్ మాట నేరుగా చెల్లింది ఇక్కడే.

మళ్లీ సైబర్‌ట్రక్ దగ్గరికి వద్దాం. 39,900 డాలర్లకి, 2021 చివర్లో ఇస్తామన్న బండి 2023 నవంబర్ 30న మొదటి కస్టమర్ల చేతికొచ్చింది. అప్పుడు దొరికినవాటిలో తక్కువ ధర మోడల్ 79,990 డాలర్లు. అక్టోబర్‌లో మస్క్ 10 లక్షల మందికి పైగా బుక్ చేశారన్నారు. అదే మీటింగ్‌లో ఈ ట్రక్‌తో మా గొయ్యి మేమే తవ్వుకున్నాం అని కూడా అన్నారు. టెస్లా సైబర్‌ట్రక్ అమ్మకాలు విడిగా చెప్పదు. మరి మనకెలా తెలిసింది? 2025 మార్చిలో స్టీలు పట్టీ ఊడిపోతోందని రీకాల్ చేశారు. ఆ కాగితాల్లో అంకె బయటపడింది: 46,096 బండ్లు. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి చివరిదాకా తయారైనవి దాదాపు అన్నీ అవే. 10 లక్షలెక్కడ, 46 వేలెక్కడ?

ధర ఒక్కటే కారణం కాదు. మస్క్ ట్రంప్ ప్రభుత్వంలోకి వెళ్లాక 2025లో టెస్లా షోరూముల ముందు నిరసనలు జరిగాయి. బండి మీద అభిప్రాయం, మనిషి మీద అభిప్రాయం కలిసిపోయాయి. 2023 మార్చిలో న్యూజెర్సీలో మన తెలుగువాళ్లు టెస్లా కార్లన్నీ వరసగా పెట్టి 'నాటు నాటు' పాటకి లైట్ షో చేశారు, గుర్తుందా? ఎంత సంబరంగా షేర్ చేసుకున్నాం! రెండేళ్లలో అదే బ్రాండ్ ఓనర్లు కొందరు, ఈయన ఇలా అని తెలియకముందు కొన్నాను అని స్టిక్కర్లు అంటించుకునే పరిస్థితి వచ్చింది.

కాబట్టి ఫ్రెండ్స్, జనం అబద్ధం చెప్పారని నేను అనను. 40 వేల డాలర్ల ట్రక్ కావాలా అంటే అవునన్నారు. 80 వేల ట్రక్ కావాలా అని వాళ్లని ఎవరూ అడగలేదు. అడిగినప్పుడు నిజాయితీగా వద్దన్నారు. తప్పు అభిప్రాయానిది కాదు, మొదటి ప్రశ్నకి వచ్చిన జవాబుని రెండో ప్రశ్నకి వాడుకున్నవాళ్లది.

ఇది మనకి దూరం కథ కాదు. 2021 జులైలో ఓలా స్కూటర్‌కి 499 రూపాయలతో 24 గంటల్లో లక్ష బుకింగులు అన్న వార్త మనమూ ఫోన్లలో చూశాం. ఇకమీదట ఏ కంపెనీ అయినా ఇన్ని లక్షల బుకింగులు అంటే మూడే అడగండి. బుకింగ్ డబ్బు వెనక్కిస్తారా? ధర ఖాయమా? ఇప్పటిదాకా ఎన్ని బండ్లు ఇంటికి చేరాయి?

మీరు బుక్ చేసి క్యాన్సిల్ చేసిన బండి ఏదైనా ఉంటే, ఎందుకు చేశారో కామెంట్లలో రాయండి. 100 డాలర్లు కట్టకుండా చెప్పే అభిప్రాయం అయినా సరే, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.