నేలపట్టు గూడబాతులు

మన కల్లావికి సముద్రము దూరము. చెరువు నిండిన యేడు నాలుగు కొంగలు వాలితే అదే మన పిల్లలకు వేడుక. అందుకే సంక్రాంతి సెలవులలో మేము నాలుగిళ్లవారము కలిసి శామల్పట్టిలో రైలెక్కి, చెన్నపట్నములో బండి మారి, సూళ్ళూరుపేట దాటి దొరవారిసత్రములో దిగినాము. నేలపట్టు అక్కడికి దగ్గరే.

నేలపట్టు చెరువులో కడప చెట్లు నీళ్లలోనే నిలిచియుండును. వాని కొమ్మల నిండ గూడబాతుల గూళ్లు. నీటికాకులు, నత్తగుల్ల కొంగలు కూడ చేరియున్నవి. గూళ్లు ఇక్కడ, మేత పులికాటు సరస్సులో. తల్లిపక్షులు అంతదూరము పోయి చేపలు మింగి తెచ్చి పిల్లల నోట పెట్టును. ఆ సందడి ముందు మన పెండ్లి పందిరి ఏపాటి!

పక్షుల రెట్ట నీళ్లలో పడును. ఆ నీరు వరిమళ్లకు పారును. మనవైపు చేనిలో గొర్రెల మంద కట్టించుటకు రైతు గింజలో, రూకలో ఇచ్చుకొనును గదా. ఈ ఊరివారికి ఆ ఎరువు ఆకాశమునుండి ఊరకే వచ్చుచున్నది. కనుకనే పక్షిపై రాయి వేయనీయరు. ప్రభుత్వము దీనిని రక్షితస్థలముగా ప్రకటించినది 1976లో. ఊరి కట్టుబాటు అంతకంటె పాతది.

ఈ రహస్యము పెరూ దేశస్థులకును తెలియును. ఆ దేశపు తీరమున చించా దీవులని రాతిగుట్టలున్నవి. సముద్రపక్షుల రెట్ట అక్కడ కొండలవలె పేరుకొనియుండెను. ఇంకా రాజుల కాలమున పక్షులు గ్రుడ్లు పెట్టు ఋతువులో ఆ దీవులలో అడుగుపెట్టినవానికి మరణశిక్ష యని గార్సిలాసో 1609లో వ్రాసెను. తరువాత, 1840 ప్రాంతమున, ఐరోపా పొలములకై త్రవ్వకము మొదలైనది. చైనానుండి కూలీలను ఆశచూపి తెచ్చి ఆ దుమ్ములో చావగొట్టిరి. పొట్టకూటికి ఊరు విడిచిన కుటుంబములవారము మనము. ఈ మాట చదివి ఊరకుండలేము. 1864లో స్పెయిను ఆ దీవులను పట్టుకొనగా యుద్ధమే జరిగెను. 1870 తరువాత కొలది యేండ్లకే చించా దీవులు బోడిరాళ్లైనవి. మిగిలిన దీవులలో పక్షులను కాపాడుటకు పెరూ ప్రభుత్వము 1909లో గాని పూనుకొనలేదు.

నేలపట్టువారు త్రవ్వినదేమియు లేదు. పడినంత తీసికొనిరి, పక్షిని ఉండనిచ్చిరి.

అయితే పక్షికి చెరువొక్కటే చాలదు. రాయదొరువు వద్ద సముద్రపు ముఖము ఇసుకతో పూడినప్పుడు సరస్సులోనికి ఉప్పునీరు రాదు, చేప తగ్గును. అప్పుడు పట్టపువారి వలకును, గూడబాతు ముక్కుకును ఒకే కరవు. వానలు తప్పి చెరువెండిన యేడు గూళ్లే కట్టవు. పోదలచినవారు కార్తికము దాటిన పిమ్మట, చెరువులో నీరున్నదో లేదో కనుక్కొని పోవలెను.