కంఠ క్యాన్సరు చికిత్స : స్వరరక్షణ చరిత్ర

రాయచూరు జిల్లాలోని బాళగనూరు 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రమునందుండెను. తుంగభద్ర కాలువ నీరు పాఱిన పిదప కోస్తా తెలుగు రైతులు ఈ సీమకు వచ్చి, క్యాంపులు కట్టుకొని వరి పండింపసాగిరి. క్యాన్సరు వైద్యమునకు 1955లో హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రియు, 1973లో బెంగళూరున కిద్వాయి సంస్థయు వెలసినవి. కిద్వాయివారి శాఖ కలబురగిలోను గలదు. అయినను బొంగురుపోయిన గొంతుతో తన బాధను తెలుగుననే చెప్పుకొనగోరు వృద్ధునకు హైదరాబాదే దగ్గఱగా తోచుట సహజము.

సజీవుని స్వరపేటికను స్పష్టముగా చూచినవాడు వైద్యుడు గాక సంగీతోపాధ్యాయుడగుట విశేషము. మాన్యుయెల్ గార్సియా 1854లో దంతవైద్యుల చిన్న అద్దముతో తన స్వరతంత్రులను తానే చూచుకొనెను. 1873 డిసెంబరు 31న వియన్నాలో బిల్రోత్ క్యాన్సరు సోకిన స్వరపేటికను పూర్తిగా తొలగించెను. రోగి కొన్ని నెలలే జీవించెను.

జర్మను యువరాజు ఫ్రెడరిక్ విషయమున ఈ శస్త్రచికిత్సయే వివాదాస్పదమయ్యెను. 1887లో జర్మను వైద్యులు కోయవలెననిరి. ఆంగ్లేయుడగు మెకెంజీ వలదనెను. పరీక్షకు తీసిన ముక్కలలో విర్కోకు క్యాన్సరు కనబడలేదు. ఫ్రెడరిక్ చక్రవర్తియై 99 దినములు మాత్రమే రాజ్యమేలి, 1888 జూన్ 15న మరణించెను. మెకెంజీని నిందించినవారు పెక్కురు. కాని ఆనాడు కత్తికి బలియైనవారి సంఖ్యను తలచినచో ఆయన సంశయము నిష్కారణమనరాదు. అంతకు రెండేండ్లు ముందు, 1886 ఆగస్టు 16న, కాశీపూరులో రామకృష్ణ పరమహంస ఈ కంఠవ్యాధితోడనే దేహము చాలించెను.

1920లలో పారిసునందు కుటార్ వికిరణమును ఒక్కసారిగా గాక దినదినము కొంచెము కొంచెముగా నిచ్చి స్వరపేటికను నిలుపవచ్చునని చూపెను. నేటి పద్ధతికి మూలమిదియే. తొలిదశలో వికిరణముగాని లేసరు శస్త్రచికిత్సగాని యొక్కటే తఱచుగా చాలును. ముదిరిన వ్యాధికి స్వరపేటికను తీసివేయుటయే శరణ్యమను భావమును 1991లో అమెరికాలో 332 మంది మాజీ సైనికులపై జరిగిన పరిశోధన సడలించెను. మందులిచ్చి వికిరణము చేసిన వర్గమున నూటికి 64 మందికి స్వరపేటిక దక్కెను. రెండేండ్ల జీవనము ఉభయవర్గములందును సమానమే. మృదులాస్థి ధ్వంసమైనచో మాత్రము నేటికిని కత్తియే మేలు. అట్టివారు మెడలోని రంధ్రమున శ్వాసింతురు. 1980లో సింగర్, బ్లోమ్ అనువారు ప్రకటించిన కవాటముతో మాటాడవచ్చును. బెంగళూరు వైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయల కవాటమును రూపొందించెను.

వికిరణమునకు వారమునకైదు దినములు చొప్పున ఆరేడు వారములు పట్టును. లేసరు చికిత్స సాధారణముగా కొలదిదినములలో ముగియును. బాళగనూరు రైతుకు ఈ భేదము స్వల్పము గాదు; ఆరువారములు పరాయి నగరమున బసచేసినచో నాట్లో కోతలో తప్పిపోవును. మూడువారములు దాటినను బొంగురు తగ్గనిచో దానిని నూర్పిళ్ళ దుమ్మని సరిపెట్టుకొనక అద్దముతో చూపించుకొన్నవారికే ఈ రెంటిలో నొకటి నెన్నుకొను వీలుండును.