పెళ్ళికారు, ఇస్త్రీపెట్టె తీగ

కట్టె కాస్త ఎగదొయ్యరా అబ్బాయి, మంట అణిగిపోతోంది. దుప్పటి కప్పుకుని దగ్గరగా జరుగు. పొద్దుట్నుంచీ చూస్తున్నాను, కొట్టంలో ఆ పాత అంబాసిడర్‌కి సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీని నీరసపెట్టేశావు. ఇంజను తిరుగుతోంది గానీ ప్లగ్గుకి కరెంటు రావట్లేదని కనిపెట్టావు. బాగానే ఉంది. ఆ వెంటనే బజారుకి పరిగెత్తి కొత్త కాయిల్ కొనుక్కొచ్చావు చూడు, దాంతో నాకు మా మేనత్త కొడుకు పెళ్ళి గుర్తొచ్చింది.

1972 మాఘమాసం. ఆ రోజుల్లో ఊరికి ఒక కారుంటే గొప్ప. అంబాసిడర్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చుని తెచ్చి, బెంగాల్లో ఉత్తరపాడాలో కట్టిన బండి అది. కారున్న ఆసామి ఎవరి పెళ్ళికైనా కాదనకుండా పంపేవాడు. పెట్రోలు పోయించి, డ్రైవరుకి భోజనం పెట్టి, తాంబూలంలో ఐదు రూపాయలుంచితే మర్యాద. ఇక ఆ భోజనాల సంగతి మొదలెడితే తెల్లారిపోతుంది, పద, కారు దగ్గరికే పోదాం.

రావులపాలెం నుంచి అమలాపురం వైపు వెళ్తున్నాం. తెల్లవారుజామున ముహూర్తం. కొత్తపేట దాటాక, కాలవ గట్టు మీద, బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. చిమ్మచీకటి, పైన మంచు. అంతే, దిగిన ప్రతివాడూ మేస్త్రి అయిపోయాడు. పెట్రోల్లో నీళ్ళున్నాయని పెళ్ళికొడుకు మేనమామ. మూతలోకి మంచు చేరిందని ఇంకొకాయన. మంచు మాట కొట్టిపారేసేది కాదు, డిస్ట్రిబ్యూటర్ మూత చెమర్చితే కరెంటు దారి తప్పుతుంది. కానీ పంచె చెంగుతో తుడిచి ఆరబెట్టినా ఫలితం లేదు. హ్యాండిల్ కూడా కొట్టాం. నువ్వెప్పుడూ పట్టలేదుగా, చెబుతా విను. బొటనవేలిని మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి, చుట్టి పట్టుకోకూడదు. ఇంజను ఎదురు తన్నిందంటే వేలు విరుగుతుంది.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అన్నారా? ఒక కుర్రాడు ఉత్సాహం పట్టలేక నాలుగు ప్లగ్గు వైర్లూ ఒకేసారి పీకేశాడు, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోకుండా. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయింది.

సైకిలు మీద వెళ్ళి రావులపాలెంలో నిద్రపోతున్న మేస్త్రిని లేపుకొచ్చాం. వచ్చినాయన బానెట్ మీద చెయ్యి వెయ్యలేదు. ఫ్లాస్కులో టీ పోస్తే తీరిగ్గా తాగి, "బాబూ, ఆగేముందు ఏం జరిగింది? ఇంతకుముందెప్పుడన్నా ఇలా చేసిందా?" అని డ్రైవర్ని అడిగాడు. నెల్లాళ్ళుగా ఎక్సిలేటరు తొక్కి వదిలేటప్పుడు అప్పుడప్పుడూ మిస్సింగ్ కొడుతోందని డ్రైవర్ చెప్పాడు. మా అందరిలో ఒక్కరికీ ఆ ప్రశ్న తోచలేదురా.

ముందు ప్లగ్గు వైర్లు సర్దాడు. ఆ ఇంజనుకి వరస 1, 3, 4, 2. రోటరేమో గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. తరవాత కాయిల్ నుంచి మూత మధ్యలోకి వచ్చే లావు వైరు ఊడదీసి, కొసని ఇంజను ఇనుముకి పావంగుళం ఎడంలో పెట్టించి హ్యాండిల్ తిప్పించాడు. నిప్పురవ్వ లేదు. జేబులోంచి రెండు తీగలు అతికించిన చిన్న బల్బు తీశాడు. ఒక కొస ఇనుముకి ఆనించి, రెండోది కాయిల్‌కి కరెంటు వచ్చే వైపు పెడితే వెలిగింది. అంటే బ్యాటరీ, తాళం అన్నీ సవ్యమే. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వైరు కొస దగ్గర పెట్టినా వెలిగింది. హ్యాండిల్ తిప్పుతుంటే డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు కలిసినప్పుడు ఆరాలి, విడిపోయినప్పుడు వెలగాలి, మిణుకుమిణుకుమనాలి. అదేమో గుడి దీపంలా నిలకడగా వెలుగుతోంది. పాయింట్ల మధ్య పోస్టుకార్డు ముక్క పెట్టి తుడిచాడు. అయినా అంతే. పాయింట్లు ఎడంగా ఉంచి, బల్బు కొసని పాయింటు స్ప్రింగుకే ఆనించాడు. వెలగలేదు!

"ఈ రెండింటికీ మధ్యే ఉంది బాబూ దొంగ" అన్నాడు. ఆ మధ్యనున్నది మూడంగుళాల తీగ. చూపుకి చెక్కుచెదరలేదు. రెండు వేళ్ళతో మెల్లిగా లాగితే రబ్బరులా సాగింది. పైతొడుగు బాగానే ఉంది, లోపలి రాగి తెగిపోయింది. ఇంజను పీల్పుకి పాయింట్ల పళ్ళెం కొద్దికొద్దిగా కదులుతుంటుంది, దాంతోపాటు ఆ తీగా వంగి లేచి, వంగి లేచి ఏళ్ళ మీద అలిసిపోయింది. నెల్లాళ్ళు తగులుతూ విడుతూ ఉంది, అదే ఆ మిస్సింగ్. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట.

తీగ దొరికింది సరే, బదులు తీగేదీ? బిరుసుది పనికిరాదు, సన్నటి పోగులున్న మెత్తటిది కావాలి. పెళ్ళికొడుకు పంచెలు నలక్కూడదని కరెంటు ఇస్త్రీపెట్టె వెంట తెచ్చుకున్నాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఏమిట్రా ఇది అని బయల్దేరేటప్పుడు వాళ్ళ నాన్న కేకలేశాడు కూడా. ఆ ఇస్త్రీపెట్టె తీగ కొసనుంచే జానెడు కోసి, లోపలి తీగొకటి తీసి బిగించాడు మేస్త్రి. పాయింట్ల ఎడం పదిహేను థౌ, అంటే అంగుళంలో పదిహేను వెయ్యోవంతులు, సరిచూసి మూత పెట్టాడు. హ్యాండిల్ రెండోసారి తిప్పేసరికి అంటుకుంది. ఆ చలిలో ఆ చప్పుడు నాదస్వరంలా వినపడిందనుకో.

ఐదు రూపాయలిస్తే రెండే తీసుకున్నాడు. "తీగ మీదేగా" అన్నాడు. పట్టుబట్టి పెళ్ళికి తీసుకెళ్ళి పెద్దవాళ్ళ బంతిలో కూర్చోబెట్టాం. వెళ్ళేటప్పుడు ఆ బల్బు నాకిచ్చి, "నేను ఇంకోటి కట్టుకుంటాలెండి" అన్నాడు.

నా రేకుపెట్టెలో గుడ్డలో చుట్టి ఉందది. పొద్దున్నే తీసుకో. నీ కాయిల్ పెట్టె ఇంకా విప్పలేదు కదా, విప్పకు. ముందు బ్యాటరీ ఛార్జికి పెట్టి పడుకో. తెల్లారాక ఇద్దరం కలిసి మూత తీద్దాం.