దక్షిణాకాశమున జంటతారల గ్రహణము

మాఘశుద్ధమున అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవమునకు కోనసీమ జనమెల్ల చేరుదురు. ఆ రాత్రి తొమ్మిది పది గంటలవేళ సముద్రతీరమున నిలిచి దక్షిణమునకు చూచినచో అగస్త్యనక్షత్రము వెలుగుచుండును. దానికి తూర్పుగా, చేయి చాచి పట్టిన జానెడు దూరమున, నాలుగు తారలు శిలువయాకారమున నుండును. వానిలో పైనున్న తారకు డెల్టా వెలోరమ్ అని పేరు. దాని చరిత్రము మనవారు తెలిసికొనదగినది.

1783లో ఇంగ్లండున గుడ్రిక్ అను పదునెనిమిదేండ్ల చెవిటి యువకుడు, ఆల్గాల్ అను తార నియతకాలమున మసకబారుటను గమనించి, వేరొక గోళము దానికి అడ్డువచ్చుట కారణము కావచ్చునని సూచించెను. నాటినుండి అట్టి జంటలను శాస్త్రజ్ఞులు వెదకుచునే యున్నారు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయమువారును 1968లో జపాల్-రంగాపురమున నెలకొల్పిన 48 అంగుళముల దూరదర్శినితో గ్రహణపు జంటతారల కాంతిభేదములను కొలిచిరి. అయినను నావికులు తరతరములుగా చూచుచు వచ్చిన డెల్టా వెలోరమ్ గుట్టు మాత్రము చిరకాలము బయటపడలేదు. 1989లో గెలీలియో వ్యోమనౌకలోని తారాదర్శక యంత్రమునకు అది మసకబారినట్లు తోచెను. 1997లో ఆర్జెంటీనావాసి సెబాస్టియన్ ఒటేరో వట్టి కంటితోనే ఆ మార్పును పట్టుకొనెను. ఆ రెండు సాక్ష్యములును కలిసి 2000లో ప్రకటితములయ్యెను.

ఈ తారలు సుమారు 45 దినములకొకమారు ఒకదానినొకటి చుట్టివచ్చును. ఆలోపల రెండు గ్రహణములు: ఒకటి సుమారు 12 గంటలు, మరియొకటి సుమారు 22 గంటలు. త్రోవ వృత్తమే యైనచో రెండును సమానముగా నుండవలెను. అది దీర్ఘవృత్తము గనుక, తారలు దగ్గరైనపుడు వడిగా పరుగిడును; దూరమైనపుడు మెల్లగా నడచును. కంటికి ఒక్క చుక్కగానే అగపడు జంట నడకను, వెలుగు తగ్గిన గడియలే మనకు చెప్పుచున్నవి.

మన యిండ్లలో గ్రహణమనగానే తలుపులు మూయుదురు. గర్భిణులను గడప దాటనీయరు. ఆకాశమున గ్రహణము లేని దినమే లేదు. దేనికని తలుపు మూయగలము? ఒటేరోకు నాడు తోడైనవి కన్నును ఓపికయు మాత్రమే. ఆ రెండును మన యాడుబిడ్డలకును గలవు. కొబ్బరితోటలు అడ్డురాని కాలువగట్టుకు తండ్రి వెంటబెట్టుకొనిపోయి, చేతికొక పుస్తకమిచ్చిన చాలును. ప్రక్కచుక్కలతో పోల్చి ఆ తార వెలుగును రేయిరేయి వ్రాసికొన్న బాలిక, గ్రహణమునకు భయపడు తల్లి కాజాలదు.