నాయక్ నుండి సర్పంచ్ దాకా

పెద్దవంగర చుట్టుపక్కల తండాల్లో ఒకప్పుడు పంచాయితీ అంటే చెట్టు నీడే. నాయక్, కార్‌భారి నడుమ కూర్చునేవారు. గట్టు తగాదా అయినా, పెళ్లి మాట అయినా గోర్ బోలీలోనే తేలేది. నాయక్ కూడా అందరిలాగే నాగలి పట్టిన మనిషి కాబట్టి ఆయన మాటకు విలువ ఉండేది.

ఆ నాయకత్వానికి అసలు పరీక్ష తెలంగాణ సాయుధ పోరాటంలో ఎదురైంది. మాకు దగ్గరలోని దేవరుప్పుల ప్రాంతంలో, ధర్మపురం బిడ్డ జాటోతు ఠానూ నాయక్ విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యానికి ఎదురు నిలిచారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య అమరులయ్యారు. 1950లో ఠానూ నాయక్ ప్రాణమిచ్చారు. భూమి కోసం పట్టిన పోరును ఆయన చివరిదాకా విడువలేదు.

1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. 2019 జనవరి ఎన్నికల్లో మనవాళ్లు సర్పంచులయ్యారు. సంతకం, చెక్కు, ఆఫీసు చేతికొచ్చాయి. మండలాఫీసులో తెలుగు మాట్లాడాల్సిందే. కానీ తండాకొచ్చాక కూడా గోర్ బోలీ నోట రాకపోతే, ముసలి యాడి తన పింఛను గోడు ఎవరికి చెప్పుకోవాలి?

సర్పంచ్ పదవి ఐదేళ్లు. నాయక్ అన్న పిలుపు తరతరాలది. మొదటిది ఓట్లతో వస్తుంది, రెండోది నడవడితో నిలుస్తుంది. రెండూ ఒక్కరిలోనే ఉండాలని మేము కోరుకుంటున్నాం.

జై సేవాలాల్!